మూడంకెల దర్జా

దోహా వెళ్తే సాయంత్రం పూట కార్నిష్ రోడ్డు పక్కన కాసేపు నిలబడండి, తమాషా చూద్దురుగాని. తెల్ల ల్యాండ్ క్రూజర్లు బారులు తీరి పోతుంటాయి. అన్నీ ఒకేలా ఉన్నాయే, వీటిలో గొప్పది ఏదంటారా? బండిని కాదు, నంబరు ప్లేటు చూడాలి. ఆరంకెలుంటే మనలాంటి మామూలు మనిషి. నాలుగుంటే పలుకుబడి ఉన్నవాడు. మూడే ఉంటే ఇక చెప్పేదేముంది! జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వెళ్లి అక్కడ ఇళ్లలో డ్రైవర్లుగా చేసే మనవాళ్లు కూడా ‘మా కఫీల్‌ది (యజమానిది) మూడంకెల బండి’ అని మురిసిపోతూ చెబుతారు.

కారణముంది. దశాబ్దాలపాటు అక్కడి సొంత కార్ల ప్లేట్ల మీద మనకున్నట్టు జిల్లా కోడ్‌లూ సిరీస్ అక్షరాలూ లేవు. ఉత్త అంకెలే. ఖతర్ చమురు ఎగుమతి మొదలైంది 1949లో. చేతిలో డబ్బాడగానే కారు కొన్న తాతలకు చిన్న నంబర్లు దక్కాయి. బండ్లు మారినా నంబరు ఇంట్లోనే ఉంటుంది, అమ్మితే చేతులు మారుతుంది. మూడంకెల నంబర్లు ఎంత లెక్కేసినా తొమ్మిది వందలే కదా!

అంకెల మోజు కార్లతో ఆగలేదు. 2006 మేలో ఖతర్ టెలికాం విరాళాల కోసం పెట్టిన వేలంలో 666 6666 అనే ఫోన్ నంబరు కోటి రియాళ్లు పలికి గిన్నిస్‌కెక్కింది. పొరుగున అబుదాబిలో 2008లో ‘1’ నంబరు ప్లేటుకు 5.22 కోట్ల దిర్హమ్‌లు. 2023లో దుబాయ్‌లో ‘పీ 7’ దాన్నీ దాటి 5.5 కోట్లకు పోయింది. ఆ సొమ్ము పేదల అన్నానికి వెళ్లింది కాబట్టి ఆ వేలమంటే నాకు ఎంతో గౌరవం.

మన దగ్గరా వెర్రి తక్కువేం కాదు. కాకపోతే మనం అంకెలు కూడి చూస్తాం. తొమ్మిది వస్తే శుభం, ఎనిమిది వస్తే శని! 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999కి 25.5 లక్షలు పెట్టారు. అయినా నా ఓటు మన పద్ధతికే. సిరీస్ మారిన ప్రతిసారీ మళ్లీ ఓ 9999 పుడుతుంది, నిన్న సంపాదించినవాడైనా పాట పాడి తెచ్చుకోవచ్చు. దోహాలో దశాబ్దాలపాటు చిన్న నంబరు కావాలంటే ఎవరో ఒకరు వదులుకోవాల్సి వచ్చేది. మీకు అక్కడ తెలిసినవాళ్లుంటే వాళ్ల బండికి ఎన్ని అంకెలో ఓసారి అడగండి.