పెట్టెకీ పెట్టెకీ మధ్య

రండి, ఇలా నెగడు దగ్గరికి జరగండి. మా రెడ్డిగూడెం చుట్టూ మామిడితోటలేగా, ఈ రోజుల్లో తెల్లారేసరికి మంచు పూత మీదా పడుతుంది, మన వీపు మీదా పడుతుంది. పూత నిలుస్తుందా మాడుతుందా అని రైతుల బెంగ. నిరుడు నాకు దానికి తోడు ఇంకో బెంగ పట్టుకుంది. వైఫై.

మా అబ్బాయి ల్యాప్‌టాప్ కొనుక్కుని పాత డెస్క్‌టాప్ నాకు వదిలేశాడు. తోట లెక్కలకీ, పెద్ద తెర మీద మనవరాలిని చూసుకోడానికీ పనికొస్తుందని వెనకగదిలో పెట్టుకున్నాను. ఆ పిల్ల "తాతా" అని నోరు తెరిచేది, అలాగే బిగుసుకుపోయేది. రెండు నిమిషాలకి కదిలేది. ఈలోపు చెప్పాల్సిన ముద్దుమాటంతా ఎటో పోయేది.

నేనేం చేశాను? నెట్టు తీగవాళ్లని తిట్టాను. నెలనెలా డబ్బులకొచ్చే కుర్రాడు హాల్లో ఉన్న వైఫై పెట్టె మీద దీపాలు చూసి, "లైను బానే ఉంది బాబాయ్, ఆ గదికి ఒక లాన్ వైరు లాగించుకోండి" అన్నాడు. వైరు అమ్ముకోడానికి చూస్తున్నాడనుకున్నాను.

అనుమానం ఊరికే రాలేదు లెండి. మన పల్లెలకి వెలుగుతీగ వచ్చిన దారే అలాంటిది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు, నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అంటే ఊరూరా అదే మాట. నేల తవ్వితే ఖర్చూ కాలమూ ఎక్కువని, ఆ తీగని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. గాలీ కొమ్మా కోతీ ఉన్న ఊళ్లో స్తంభం మీద తీగని చూస్తే, నెట్టు ఆగినప్పుడల్లా చూపు అటే పోతుంది. నాదీ అంతే.

కానీ ఒక సాక్ష్యం నా చేతిలోనే ఉంది, నెల్లాళ్లు కనిపించలేదు. అదే బల్ల దగ్గర, అదే వైఫై మీద, నా ఫోను హాయిగా పాటలు వినిపిస్తోంది! తీగే తెగితే రెండూ ఆగాలిగా?

ఇది బుర్రకెక్కాక మా అబ్బాయి ఫోనులో ఒక చిట్కా చెప్పాడు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, పింగ్ అని కొట్టి, మన పెట్టె అంకె 192.168.1.1 వెయ్యమన్నాడు. చివర ఒక గీతా టీ అక్షరమూ పెడితే ఆపేదాకా అడుగుతూనే ఉంటుందట. కొన్ని ఇళ్లలో ఆ అంకె వేరుగా ఉంటుంది, పెట్టె అడుగున చీటీ మీద చూసుకోవచ్చు. "ఉన్నావా" అని కంప్యూటర్ అడుగుతుంది, "ఉన్నా" అని పెట్టె పలుకుతుంది. ఒకే ఇంట్లో పలకడానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు చాలు. నాకు మూడు, నాలుగు, ఏడువందలు, పన్నెండువందలు, ఆపైన అసలు జవాబే లేదు. ప్రశ్న ఇంకా వీధి గుమ్మం దాటలేదు చూడండి. స్తంభాల మీది తీగకి ఈ గొడవతో సంబంధమే లేదు.

ఇక ఇంట్లో దొంగని పట్టుకోవాలి. మా తాతల నాటి ఇల్లు, గోడలు మూరెడు మందం. పెట్టె ముందు హాల్లో, కంప్యూటర్ వెనకగదిలో, మధ్యలో మా ఆవిడ ఇనప బీరువా. రేడియో తరంగం గోడలో నుంచి నీరసంగానైనా వస్తుంది, ఇనపరేకు దగ్గర మాత్రం వెనక్కి తిరగాల్సిందే. బీరువా జరుపుతానంటే మా ఆవిడ ఒక్క చూపు చూసింది. వేరే దారి వెతికాను.

2.4 గిగాహెర్ట్జ్ అనే పట్టీ ఉందే, అది ఊరుమ్మడి బీడు లాంటిది. 2005లో మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేకుండా దాన్ని వదిలేసింది. అందరి గొడ్లూ అక్కడే: పక్కింటి వైఫై, బ్లూటూత్, వంటింట్లో మైక్రోవేవ్. ఒకదాన్నొకటి తొక్కుకోని చానళ్లు 1, 6, 11, ఆ మూడే. పక్కవాళ్లది 6 మీద ఉందని మాది 11కి మార్చాను. కాస్త నయం. 5 గిగాహెర్ట్జ్‌కి వెళ్దామంటే అక్కడ రద్దీ తక్కువే, కానీ మా మూరెడు గోడ దాటేసరికి దాని పని అయిపోతుంది. డివైస్ మేనేజర్‌లో కరెంటు ఆదా కోసం వైఫైని నిద్రపుచ్చే టిక్కు ఒకటుంటే తీసేశాను. ఇంకాస్త నయం. జబ్బు మాత్రం పోలేదు.

దొరికింది అనుకోకుండా. కంప్యూటర్‌కి గుచ్చి ఉన్న పెళ్లి ఫొటోల హార్డ్‌డిస్క్ అబ్బాయికి పంపుదామని లాగానో లేదో, నల్ల కిటికీలో మూడు, నాలుగు, మూడు! మళ్లీ గుచ్చాను, ఏడువందలు. లాగాను, మూడు. వైఫైని అందుకునే చిన్న ముక్క, డాంగిల్, కంప్యూటర్ వీపున ఉంది, దాని పక్క నీలం రంధ్రంలోనే ఈ డిస్క్. ఆ నీలం రంధ్రం యూఎస్‌బీ 3. అది పనిచేసేటప్పుడు పుట్టే రొద సరిగ్గా 2.4 దగ్గరే పడుతుందని 2012లో ఇంటెల్ వాళ్లే కాగితం రాసి చెప్పారట. చెవి పక్కన డప్పు కొడుతుంటే హాల్లోంచి పిలిచే గొంతు ఎలా వినపడుతుంది? పైగా డాంగిల్‌కి ముందు కంప్యూటర్ సొంత ఇనపడబ్బా ఇంకో బీరువా.

మీటరు పొడుగు యూఎస్‌బీ పొడిగింపు వైరు కొని, డాంగిల్‌ని క్యాలెండర్ మేకుకి వేలాడదీశాను. మనవరాలిప్పుడు బిగుసుకుపోవడం లేదు. క్యాలెండర్ ఏదని మా ఆవిడ రోజూ అడుగుతోంది, అది వేరే కథ.

మొన్న డబ్బులకొచ్చిన కుర్రాడికి కాఫీ ఇచ్చి, జరిగిందంతా చెప్పాను. మేకుకి వేలాడే డాంగిల్‌ని చూసి, "బానే ఉంది గానీ బాబాయ్, ఆ రోజే లాన్ వైరు లాగించుంటే ఇదంతా ఉండేది కాదుగా" అన్నాడు. నిజమే, వైరుకి ఊరుమ్మడి బీడుతో పనే లేదు. లాగిస్తాను. మూరెడు గోడకి కన్నం పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోవాలి.