అవ్వ అడిగిన సముద్రం

మా చిన్నాయనకు ఎజ్డీ ఉండేది. నల్ల ట్యాంకు, వెనక రెండు పొగగొట్టాలు. బత్తలపల్లెలో అప్పటికి మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఆయన ముదిగుబ్బ వైపు నుంచి వస్తుంటే, ఇంకా కిలోమీటరు ఉండగానే ఆ చప్పుడు మా అవ్వ చెవిన పడేది. వెంటనే "సంగటి కెలకండే, చిన్నోడొచ్చినాడు" అని లోపలికి కేకేసేది.

ఆ బండికి కిక్కూ గేరూ ఒకే కడ్డీ. ఎడమ కాలి దగ్గరుండే ఆ కడ్డీని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, బండి లేచాక కిందికి దించితే గేరు. కొత్తవాళ్లు ఎక్కి కూర్చుని కుడివైపంతా కిక్కు కోసం వెతుక్కునేవాళ్లు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన బండి అది. ఆ బండ్లు మొదట జావా పేరుతో, 1973 నుంచి ఎజ్డీ పేరుతో వచ్చాయి. పెట్రోలు పోసినప్పుడల్లా లెక్కగా ఆయిలు కలపాలి. ఆ పొగ వాసన ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నాకు చిన్నాయన చొక్కా గుర్తొస్తుంది.

1988 ఎండాకాలం. ముందటేడు వానల్లేక చెనక్కాయ చేన్లు నిలువునా ఎండిపోయినాయి. ఇంట్లో ఎవరికీ పనిలేదు. ఒక రాత్రి ఆరుబయట మంచాల మీద పడుకుని ఉంటే, చిన్నాయన ఉన్నట్టుండి, "మన చిత్రావతి యాడికి పోతాదో సూసొద్దామా అబ్బీ?" అన్నాడు. చిత్రావతి నంది కొండల్లో పుట్టి, మా పక్కగా పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పారి అంటున్నానే గానీ, అప్పుడు ఏట్లో ఉన్నది ఇసుకే. చెలమ తవ్వితే చారెడు నీళ్లు.

పొద్దున్నే అవ్వ ఒక ఖాళీ మందుసీసా కడిగి, బిరడా బిగించి నా చేతికిచ్చింది. "సముద్రం నీళ్లు నిజంగా ఉప్పగుంటాయంట గదా. నాకు కొన్ని పట్టుకరా నాయనా" అంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆమె చూసిన పెద్ద నీళ్లు ధర్మవరం చెరువే.

కదిరి, రాయచోటి, రాజంపేట, చిట్వేలి, రాపూరు, నెల్లూరు, అక్కడి నుంచి మైపాడు. మూడువందల కిలోమీటర్లు దాటిన ఆ దారికి మాకు రెండు రోజులు పట్టింది. పటం లేదు. కిలోమీటరు రాళ్లు, మనుషులు, అంతే. చింతచెట్టు కనబడితే బండి ఆపి ఇంజను చల్లారనివ్వాలి. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు, "యా ఊరబ్బా?" అని పలకరించి చెంబుతో నీళ్లిచ్చేవాళ్లు. కదిరి నరసింహస్వామి గుడి ముందర బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తిన్నాం. రాయచోటిలో ఒక ముసలాయన మాది బత్తలపల్లె అని తెలిసి, "ఆడ వానలు పడినాయా?" అని మొదటి మాటగా అడిగాడు. దారి పొడుగునా అందరూ అడిగింది అదే.

రాపూరు ఘాట్‌లో బండి నిలిచిపోయింది. చిన్నాయన తొందరపడలేదు. ప్లగ్గు విప్పి, చొక్కా జేబులోంచి ఉప్పుకాగితం ముక్క తీసి, ప్లగ్గు మూతి మీది మసిని మెల్లగా గీకాడు. నోటితో ఊది, ఎండకేసి పట్టుకుని చూసి, మళ్లీ గీకాడు. వెలిగొండల అడవిలో ఆ గీకుడు చప్పుడొక్కటే. బిగించి కిక్కు కొడితే రెండో దెబ్బకు లేచింది. ఆ పనిని అంత ఓపికగా, అంత శుభ్రంగా చేసిన మెకానిక్కును నేను తర్వాత చూడలేదు.

మైపాడులో సరుగుడు తోపుల వెనక నుంచి ముందు చప్పుడు వినబడింది. గాలేమో అనుకున్నా. ఇసుక దిబ్బ ఎక్కి చూస్తే, అన్ని నీళ్లు! వానకు మొక్కే ఊళ్లో పుట్టిన పిల్లోడికి ఆ నీళ్లు చూస్తే ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. చిన్నాయన చెప్పులు విడిచి, మోకాళ్ల దాకా దిగి, దోసిలి పట్టి, "ఇందులో మనవీ ఉంటాయిరా" అన్నాడు. పడవల దగ్గరున్న ఒక కుటుంబం మాకు మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చాక, మేం నింపి తెచ్చిన సీసా బిరడా అవ్వ తీసి, వేలితో నాలుక మీద రాసుకుని, "ఉప్పే" అని తలూపింది. సీసాను దేవుని గూట్లో పెట్టింది. ఏళ్ల తరబడి అక్కడే ఉంది. బిరడా వదులై నీళ్లు మెల్లగా ఆవిరైపోగా, అడుగున తెల్లటి ఉప్పు పొర మిగిలింది. అవ్వ పోయాక, ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు ఆ సీసా ఏమైందో ఎవరూ చూడలేదు.

చిత్రావతి ఇసుక లారీలకెక్కి పోయింది. మా ఊరి మీది రోడ్డుకు ఒకప్పుడు 205 నంబరు, అనంతపురం నుంచి మద్రాసు దాకా. ఇప్పుడది 42. దారి వెడల్పులో చింతచెట్లు పోయాయి. ఊరి పేరు చెబితే ఇప్పుడు అందరికీ ఆర్డీటీ ఆసుపత్రి గుర్తొస్తుంది. ఆ ఆర్డీటీ సంస్థను పెట్టినాయన, సముద్రపు ఒడ్డు నగరం బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్, 1969లో ఈ కరువు నేలకు వచ్చి, 2009లో కన్నుమూసి మా బత్తలపల్లెలోనే మట్టిలో కలిశాడు. ఆ సమాధి దగ్గర నిలబడినప్పుడల్లా నాకు మైపాడు ఇసుక దిబ్బ గుర్తొస్తుంది.

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. 2022లో ఎజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చాయి. అవి నాలుగు స్ట్రోకులవి, చప్పుడు వేరు. చిన్నాయన బండిని ఆయన పోయిన ఏడాదికి పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశారు. నేను అప్పుడు ఊళ్లో లేను. మీ ఇంటి కొట్టంలో అలాంటి బండి ఏదైనా మూలన పడి ఉంటే, దాన్ని తూకానికి వెయ్యకండి. ముందు ఆ ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో ఒక్కసారి గీకి చూడండి.