అరసవల్లి సూర్యుడి నుంచి కోణార్క్ సూర్యుడి దాకా...

ముందే ఒక నిజం ఒప్పేసుకుంటాను. ఇది స్విట్జర్లాండ్ గురించి రాయవలసిన వ్యాసం!

మంచుకొండల మధ్య హీరో హీరోయిన్లు డ్యూయెట్లు పాడుకునే సినిమాలు చూసి చూసి మతి పోగొట్టుకున్న కుర్రకారులో మేమూ ముగ్గురం. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో, ఓ రాత్రి సెకండ్ షో వదిలాక టీకొట్టు ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాం. ఎప్పటికైనా ఒక కారు అద్దెకు తీసుకుని స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీ చుట్టి రావాలని! ఉద్యోగాలొచ్చాక లెక్కలు కూడా వేశాం. షెంజెన్ వీసా ఒక్కటి చేతిలో ఉంటే ఇప్పుడు 29 దేశాలు తిరగొచ్చు. మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది పనిచేస్తుంది. స్విస్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకులు పెట్టి స్టిక్కరు కొనాలి. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని, ముగ్గురం నెలనెలా డబ్బు దాచాం.

అంతలో 2018 అక్టోబరు 11 వచ్చింది.

ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఎంత ముద్దు పేరో! ఆ సీతాకోకచిలుకే ఉద్దానంలో కొబ్బరితోటల్ని, జీడితోటల్ని నేలమట్టం చేసి పోయింది. మా ముగ్గురిలో ఒకడిది ఉద్దానమే. తాత నాటిన చెట్లు ఒక్క పూటలో పడిపోయాయి. వాడు దాచిన డబ్బంతా కొత్త మొక్కలకే సరిపోయింది.

“మీరిద్దరూ ఎల్లండిరా. నన్నొగ్గేయండి” అన్నాడు వాడు.

ఎలా వెళ్తాం చెప్పండి? వెళ్లలేదు. ఆ మాట ఎత్తితే వాడికి నామోషీ. ఎత్తకపోతే మాకు బాధ. పోనుపోను ముగ్గురం కలుసుకోవడమే తగ్గిపోయింది.

మొన్న చలికాలంలో వాణ్ణి బలవంతంగా కళింగపట్నం లాక్కొచ్చాం. మీరు చూశారో లేదో, వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలాగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసూ, ఇసకా, గాలీ! భీమిలి తీరానికి 1978లో ‘మరోచరిత్ర’ ఎంత పేరు తెచ్చిందో మీకు తెలుసు. కళింగపట్నానికి అలాంటి అదృష్టం ఇంకా పట్టలేదు. దర్శకులు కాస్త చెవిన వేసుకోవాలి!

అక్కడ కూర్చుని నేను నోరు జారాను. “ఒరే, సరిహద్దులు దాటడమే కదా మన సరదా? రెండొందల కిలోమీటర్లలోపే భాష మారిపోయే సరిహద్దు మనకీ ఉంది. వీసా అక్కర్లేదు. కోణార్క్ దాకా పోదాం రా!”

ఊరికే అన్న మాట కాదు. ఈ దారి మన గంగరాజుల దారి. వాళ్ల రాజధాని కళింగనగరం మన వంశధార ఒడ్డునున్న ముఖలింగమే. అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథుడి ప్రస్తుత ఆలయం మొదలుపెట్టింది ఆయనే. తర్వాత 13వ శతాబ్దంలో అదే వంశం వాడైన మొదటి నరసింహదేవుడు కోణార్క్ కట్టించాడు. ఇక్కడ అరసవల్లిలో సూర్యుడు, అక్కడ కోణార్క్‌లో సూర్యుడు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు పొద్దుటి కిరణాలు అరసవల్లి స్వామి పాదాల్ని తాకుతాయి. కోణార్క్‌లో గర్భగుడి కూలిపోయింది, పూజలు లేవు. కానీ ఆ రాతి చక్రాల ముందు నిలబడ్డవాడు కదలడు.

వాడు చాలాసేపు ఇసకలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి, “ఆ దారిలో మా ఊరొస్తాదేటి?” అన్నాడు.

“సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర వస్తాది!” అన్నాం ఇద్దరం.

అంతే! నోటుబుక్కు మళ్లీ బయటికొచ్చింది. మీరూ రాసుకోండి.

మొదటిరోజు కళింగపట్నంలో సూర్యోదయం. పక్కనే శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటు అది. శ్రీకూర్మం, అరసవల్లి, ముఖలింగం చూసుకుని రాత్రికి టెక్కలి. అన్నట్టు, ‘శంకరాభరణం’ శంకరశాస్త్రి జె.వి. సోమయాజులు గారు ఈ జిల్లావారే!

రెండోరోజు తేలినీలాపురంలో చెట్లమీద గూళ్లు కట్టుకున్న పెలికాన్ పక్షులు, ఎర్రకాళ్ల కొంగలు. తర్వాత ఉద్దానం. మందసలో కోవా తినకుండా కదలొద్దు. బారువ తీరం చూసుకుని ఇచ్ఛాపురం చేరితే మన రాష్ట్రం సరి.

మూడోరోజు బరంపురం. బోర్డులు ఒరియాలో, బేరాలు సగం తెలుగులో! మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో పుట్టిన ఊరు. సాయంత్రం గోపాల్‌పూర్ సముద్రం. నాలుగోరోజు రంభ దగ్గర చిలికా సరస్సులో పడవ, రాత్రికి పూరీ. అయిదోరోజు సముద్రం పక్కనుంచే 35 కిలోమీటర్లు నడిపితే కోణార్క్. మొత్తం దారి, మళ్లింపులు కాక, సుమారు 400 కిలోమీటర్లు.

రెండు జాగ్రత్తలు. టాక్సీలో వెళ్తే ఒరిస్సా పర్మిట్ సంగతి ముందే చూసుకోండి. అక్టోబరులో మాత్రం వద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఈ తీరంమీద అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి. మేం జనవరి అనుకున్నాం.

ఖర్చు ముగ్గురం సమానంగా పంచుకోవాలని నేనన్నాను. వాడు ఒప్పుకోలేదు. “టెక్కలి మాత్రం వద్దురా. మొదటి రాత్రి మా ఇంట్లోనే. భోజనాలు నాయి” అన్నాడు. తుఫాను తర్వాత వాడు నాటిన చెట్లలో ఒకటి కిందటేడు తొలిగెల వేసిందట. ఈమాటు కాయలు కొయ్యకుండా మా కోసం ఉంచుతానన్నాడు.

నోటుబుక్కులో టెక్కలి కొట్టేశాను. స్విట్జర్లాండ్ పేజీ మాత్రం చింపలేదండోయ్! మరి మీరెప్పుడు బయల్దేరుతున్నారు?