లోగో దగ్గర ఆగిపోయిన పాల లెక్క

అమీర్‌పేటలో ఇప్పుడు ఏ కోర్సులు నడుస్తున్నాయో చూసి రాయమని మా సంపాదకుడు పంపారు. మైత్రీవనం చుట్టూ వేలాడే బోర్డుల గురించి, చేతుల్లో పెట్టే కరపత్రాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక శిక్షణ సంస్థ వెనకగదిలోకి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న ఒక అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మిగతా గదులు చూపిస్తామన్నా లేవబుద్ధి కాలేదు. ఆ వెనకగదిలో కొత్త యాప్‌లు తయారుచెయ్యరు. ఒకరు రాసి, ఇంకొకరు అమ్మి, చివరికి ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన యాప్‌లను బాగుచేస్తారు.

బల్ల మీద ఒక పాత ఫోను ఉంది. అద్దం ఒక మూల పగిలింది, వెనక కవరు ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేశారు. అది భువనగిరి వైపు ఒక ఊళ్లో పాల సేకరణ కేంద్రం నడిపే ఆయనది. డెయిరీ సూపర్‌వైజర్ దాన్ని బస్సులో పట్టుకొచ్చి ఇచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు. పొద్దునా సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, వెన్న కాని ఘనపదార్థం (ఎస్‌ఎన్‌ఎఫ్) ఎంత, చేతికి ఎన్ని రూపాయలు రావాలి - లెక్కంతా ఆ యాప్‌లోనే ఉంటుంది. యాప్ మీద వేలు పెడితే ఆవు బొమ్మతో లోగో వస్తుంది. కొద్ది సెకన్లలో అదీ పోతుంది, ఫోను మొదటి తెర మీదికి తిరిగొస్తుంది. అంతే.

ఆ కేంద్రం ఆయన తన కొడుకు ఫోను నుంచి మాట్లాడుతున్నాడు. ఆ అమ్మాయి స్పీకర్ పెట్టింది కాబట్టి గదిలో అందరికీ వినిపించింది.

"లోగో ఒస్తది మేడం, ఎంబడే పోతది. తీసేసి మళ్ల ఎక్కించిన. ఎక్కించిన దినం మంచిగ తెరుసుకుంటది, తెల్లారి మళ్ల గంతే. కొత్త ఫోను కొనుక్కోమన్నరు. పాలు పోసేటోళ్లు పైసలెన్నొచ్చినయని అడుగుతున్నరు, ఏం జెప్పాలె నేను?"

"మీ పిల్లగాని ఫోన్ల ఇదే యాప్ తెరుసుకుంటదా అన్నా?"

"తెరుసుకుంటది. గందులనే సూసి లెక్కలు జెప్తున్న."

ఆమె కాగితం మీద రెండు ముక్కలు రాసుకుంది. ఎక్కించిన రోజు పనిచేస్తుంది. కొడుకు ఫోనులో పనిచేస్తుంది. అప్పటికే ఆ యాప్‌ను ఇద్దరు చూసి వదిలేశారు. ఒకాయన లోగో కనబడే గడువు మూడు సెకన్ల నుంచి ఐదుకు పెంచాడు. ఇంకొకాయన తప్పు దొరికినచోటల్లా మింగేసేలా ఒక ట్రై-క్యాచ్ చుట్టాడు. దాంతో కొన్ని ఫోన్లలో యాప్ మూసుకుపోవడం మానేసి తెల్లటి తెర మీద నిలబడిపోయింది. ఇలాంటివాటిని మరమ్మతు అని బిల్లులో రాసుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండింది. రోగి కేక పెట్టకుండా నోరు నొక్కిపట్టి, నొప్పి తగ్గిందని చెప్పడమే అది.

లోగో తెర చేసే పని చాలా చిన్నది. యాప్ ప్రాణం పోసుకునే ఆ కాసేపట్లో ఖాళీ తెర కనబడకుండా బొమ్మ చూపించడం, ఆ తర్వాత అసలు తెరను పిలిచి తాను తప్పుకోవడం. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ బొమ్మను సిస్టమే చూపిస్తోంది. పాత పద్ధతి వదలని యాప్‌లలో అందుకే రెండు లోగోలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. చూసేవాళ్లకు లోగో దగ్గర పోయినట్టు కనిపించినా, చాలాసార్లు పోయేది లోగో కాదు. దాని వెనక పుట్టబోయే తెర పుట్టకముందే చచ్చిపోతుంది. లోగోను పట్టుకుని కుస్తీ పట్టేవాళ్లకు అందుకే ఏమీ దొరకదు.

ఆ అమ్మాయి చేతులు చూడాలి. ఆమె ముందు ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. ఫోను చేతిలోకి తీసుకుని యాప్ తెరిచింది, మూసుకుపోయింది. మళ్లీ తెరిచింది. వైఫై ఆపి తెరిచింది. అడ్డంగా తిప్పి తెరిచింది. జగదీష్ మార్కెట్లో మేనమామ సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడట, చిన్నప్పుడు సెలవుల్లో ఆ కౌంటర్ వెనక కూర్చునేదట. స్క్రూడ్రైవర్ పట్టేముందు ఫోను తన రోగం తానే చూపించే దాకా చూడాలన్నది అక్కడ అబ్బిన అలవాటు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి, ఫోను వివరాల పేజీలో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టింది. డెవలపర్ ఎంపికలు తెరుచుకున్నాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టింది.

ఆ సెట్టింగులన్నీ తెలుగులో ఉన్నాయి. ఆమె వాటిని తెలుగులోనే చదువుకుంటూ వెళ్లింది.

ల్యాప్‌టాప్ మీద లాగ్‌క్యాట్ పరుగెత్తడం మొదలుపెట్టింది. ఫోను లోపల జరిగే ప్రతి చిన్న పనీ అందులో ఒక వరుసగా పడుతుంది, ఒక్క నిమిషంలో వేల వరుసలు. ఎర్రగా కనబడ్డ మొదటి వరుసను పట్టుకుని గూగుల్‌లో వెతకడం బయట క్లాసుల్లో పిల్లలు చేసే పని. ఆమె ఎరుపును పట్టించుకోలేదు. యాప్ పేరుతో వడగట్టి, ఫేటల్ ఎక్సెప్షన్ అన్న వరుస దగ్గర ఆగి, కిందికి దిగుతూ చిట్టచివరి 'కాజ్డ్ బై' దాకా వెళ్లింది. అసలు కారణం అక్కడుంటుంది, పైనున్నవన్నీ దాని పర్యవసానాలే.

అలా దిగుతూనే, మామూలుగా తగిలే జబ్బులు చెప్పింది. అసలు తెర పేరును, తెరలన్నీ నమోదుచేసే మానిఫెస్ట్ ఫైలులో రాయడం మరిచిపోవడం. లోగో కోసం పెట్టిన థీమును తర్వాతి తెరకు మార్చకపోవడం. బొమ్మను వీ-24 అన్న ఫోల్డరులో మాత్రమే పెట్టడం. ఆ ఫోల్డరును ఆండ్రాయిడ్ 7 నుంచి పైన ఉన్న ఫోన్లే చూస్తాయి. రాసినవాడి కొత్త ఫోనులో బ్రహ్మాండంగా తెరుచుకునే యాప్, ఆండ్రాయిడ్ 6 ఫోనులో బొమ్మ దొరక్క పడిపోతుంది. ఇంకోటి, బొమ్మ సైజు. కెమెరాతో తీసిన 4000 బై 3000 ఫొటోను అలాగే లోగోగా పెట్టేవాళ్లున్నారు. ఫైలుగా అది మూడు నాలుగు ఎంబీలే కావచ్చు. తెర మీదికి వచ్చేసరికి ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు చొప్పున 48 ఎంబీ మెమరీ తింటుంది. దాన్ని మామూలు ఫోల్డరులో పడేస్తే, మూడింతల సాంద్రత ఉన్న తెర మీద పొడవూ వెడల్పూ మూడేసి రెట్లు పెరిగి, మెమరీ తొమ్మిది రెట్లవుతుంది. ఫోను ఏం చేస్తుంది పాపం!

ఇక్కడ జరిగింది వీటిలో ఏదీ కాదు. యాప్ పరిమాణం తగ్గించే క్రమంలో లోపలి పేర్లన్నీ ఏ, బీ, సీలుగా మారిపోయి ఉన్నాయి. వాటిని తిరిగి అసలు పేర్లుగా మార్చే మ్యాపింగ్ ఫైలును పాత డెవలపర్ ఇవ్వలేదు. కానీ ఆఖరి వరుసలో తప్పు మాత్రం స్పష్టంగా ఉంది. "05 జాన్ 2024" అని ఇంగ్లీషులో ఉన్న తేదీని చదవలేకపోయానంటోంది ఫోను.

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. ఫోనులో భాషను ఇంగ్లీషుకు మార్చి యాప్ నొక్కింది. ఆవు బొమ్మ వచ్చింది, దాని వెనకే పాల లెక్క వచ్చింది. మళ్లీ తెలుగుకు మార్చింది. మూసుకుపోయింది.

జరిగింది ఇది. చివరి బిల్లు తేదీని సర్వరు ఇంగ్లీషు నెల పేరుతో పంపిస్తోంది. యాప్ దాన్ని ఫోనులో దాచుకుంటుంది. మర్నాడు తెరిచినప్పుడు ఆ తేదీని చదవడానికి, ఫోను ఏ భాషలో ఉంటే ఆ భాష నెల పేర్లు వాడమని కోడులో రాశారు. ఫోను తెలుగులో ఉంటే జనవరి కోసం తెలుగు అక్షరాలు వెతుకుతుంది, దొరక్క చేతులెత్తేస్తుంది. జావాలో రాసి ఉంటే, "ఈ తప్పు రావచ్చు, ఏం చేస్తావో చెప్పు" అని కంపైలరే పట్టుబట్టేది. కోట్లిన్ అలా అడగదు. కొత్తగా ఎక్కించినప్పుడు దాచిన తేదీ ఉండదు కాబట్టి ఆ రోజు గడుస్తుంది. కొడుకు ఫోను ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఏ రోజైనా గడుస్తుంది.

ముందు చూసిన ఇద్దరికీ ఇదెందుకు దొరకలేదు? వాళ్ల చేతికి కూడా ఇదే ఫోను ఇచ్చానని సూపర్‌వైజర్ చెప్పాడు. ఇద్దరూ ఫోను అందుకోగానే మొదట చేసిన పని, తమకు అలవాటైన చోట తమకు కావలసినవి దొరకాలని భాషను ఇంగ్లీషుకు మార్చుకోవడం. మార్చిన క్షణాన రోగం మాయమైంది. మా దగ్గర బాగానే ఉందని చెప్పి, మళ్లీ తెలుగు పెట్టి పంపించారు. తెలుగువాళ్లే, అమీర్‌పేటలోనే, తెలుగు మనిషి ఫోనును. నాకు అక్కడ కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది.

2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. భారత ప్రమాణాల సంస్థ 2016లో ఐఎస్ 16333 మూడో భాగం తెచ్చి, అమ్మే ప్రతి ఫోనులోనూ రాజ్యాంగం గుర్తించిన 22 భాషలూ చదివేందుకు వీలుండాలంది. ఫోను తెలుగు చూపించాలన్న నిబంధన ఉంది. ఆ ఫోనులో యాప్ నిలబడాలని అడిగేవాళ్లే లేరు. గూగుల్ ప్లేలో రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం మందికి మించి యాప్ మూసుకుపోతే చెడ్డ యాప్ కింద లెక్క. ఏదైనా ఒక ఫోను మోడల్లో 8 శాతం దాటినా అంతే. భాష వారీగా అలాంటి గీత లేదు. తెలుగు పెట్టుకున్నవాళ్లు మొత్తంలో కొద్దిమందైతే, వాళ్లందరికీ యాప్ చచ్చిపోయినా మొత్తం లెక్కలో పచ్చగానే కనిపిస్తుంది. ఈ డెయిరీ యాప్‌నైతే ప్లే స్టోరులోనే పెట్టలేదు, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి ఎక్కించుకోమన్నారు. కాబట్టి ఏ ఊళ్లో ఎవరి ఫోనులో ఎలా పోయిందో చెప్పే నివేదిక ఎక్కడా లేదు. ఫిర్యాదు చేసే బటన్ యాప్ లోపల ఉంది, యాపేమో తెరుచుకోదు.

బయట హాల్లో గోడ మీద సిలబస్ అంటించారు. కోట్లిన్ ఉంది, జెట్‌ప్యాక్ కంపోజ్ ఉంది, ఫైర్‌బేస్ ఉంది. లాగ్ చదవడం ఒక పాఠంగా ఎక్కడా లేదు. ల్యాబులో ఫోన్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కుర్చీల్లో కూర్చున్న పిల్లల్లో సగం మంది ఇంటికి ఫోను చేస్తే అవతల పలికేది తెలుగు తప్ప చదవలేని మనుషులే. తమ అమ్మానాన్నల ఫోను ఎలా ఉంటుందో అలాంటి ఒక్క ఫోను ముందు పెట్టి, యాప్ తెరిచి చూడమని చెప్పే గురువు వాళ్లకు కావాలి. కొత్త ఫోను కొననక్కర్లేదు, ఎమ్యులేటరులో భాష మార్చడానికి అర నిమిషం పట్టదు. మన పిల్లలు ప్రపంచంలో ఎవరికైనా యాప్ రాసిపెట్టగలిగి, భువనగిరి వైపు పాలు కొలిచే మనిషికి రాయలేకపోతున్నారంటే అది తెలివి తక్కువై కాదు. ఆ మనిషిని వాడకందారుగా వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఆమె దిద్దింది ఒక్క వరుసలో ఒక్క మాట. సర్వరు నుంచి వచ్చే తేదీని ఎప్పుడూ ఇంగ్లీషుగానే చదవమంది. తెర మీద చూపించేటప్పుడు మాత్రం వాడేవారి భాషలో చూపించాలి, అది అలాగే ఉంచింది. తేదీ చదవడం కుదరకపోతే ఆ గడి ఖాళీగా వదిలి మిగతా లెక్క చూపించేలా ఇంకో రెండు వరుసలు కలిపింది. అదృష్టం కొద్దీ, యాప్‌కు సంతకం చేసే కీ పాత డెవలపర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోనే దొరికింది. అది లేకపోతే ప్రతి కేంద్రంలోనూ పాత యాప్ తీసేసి కొత్తది ఎక్కించాల్సి వచ్చేది.

సూపర్‌వైజర్ తెర వైపు చూసి, "ఒక్క లైనే కదమ్మా మార్చింది, దీనికింత బిల్లా?" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. పక్కనున్న పెద్దాయన, ఆ గదిని నడిపే మాస్టారు, "ఆ లైను ఎక్కడుందో వెతికినందుకు సార్" అని ఊరుకున్నారు.

యాప్ తెరుచుకుంది. మూసి, ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేసి తెరిచింది. వచ్చింది. అప్పుడు కనబడింది ఇంకో సంగతి. బిల్లు చూడమని చెప్పే బటన్ ఇంగ్లీషు మాటకు సరిపడా కొలిచి కట్టారు. తెలుగు మాటలో సగం కోసుకుపోయింది, ఒత్తులు కింద అంచులోకి పోయాయి. ఆమె ఆ తెర ఫైలు తెరిచింది.

"అది కాంట్రాక్టులో లేదమ్మా" అన్నాడు సూపర్‌వైజర్.

"తెలుసు సార్. మీరు చాయ్ తాగి రండి" అని ఆమె బటన్ వెడల్పు సరిచెయ్యడం మొదలుపెట్టింది.