నల్లగా గీస్తే... నీలంగా పూస్తుంది!

జైపూర్ వెళ్లినవాళ్లు హవామహల్ చూస్తారు, లక్కగాజులు కొంటారు. నీలిపూల కూజాలు పేర్చిన దుకాణం కనిపిస్తే మాత్రం కాసేపు ఆగిపోతారు. 'మట్టితో ఎంత అందంగా చేశారో' అనుకుంటారు. నిజానికి వాటిలో కుమ్మరి మట్టే ఉండదు. అదే 'జైపూర్ బ్లూ పాటరీ' ప్రత్యేకత!

పలుగురాయి పొడి, గాజుపొడి, కాస్త ముల్తానీ మట్టి, బంక కలిపి చపాతీ పిండిలా ముద్ద చేస్తారు. దానికి సాగే గుణం తక్కువ. అందుకే రొట్టెలా ఒత్తి, అచ్చులో పరిచి, లోపల బూడిద కూరి ఆకారం తెస్తారు. ఆరాక నునుపుగా రుద్ది తెల్లటి పూత పూస్తారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. చేత్తో తిప్పే చక్రం మీద పాత్రను పెట్టి కుంచెను కదలకుండా ఆనించాలి. పాత్ర తిరుగుతుంటే గీత చుట్టుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చెయ్యి ఇక్కడే వణుకుతుంది. పొడి పూత రంగును ఇట్టే పీల్చేస్తుంది కాబట్టి తప్పును తుడిచేయడం కష్టం. పైగా, గీసేటప్పుడు నీలం కనిపించదు. కోబాల్ట్ ఆక్సైడ్ నల్లగా ఉంటుంది. పూలూ చిలకలూ నల్లగానే గీస్తూ, నీలాన్ని మనసులో ఊహించుకోవాలి. ఆకాశనీలం కోసమైతే రాగి ఆక్సైడ్ వాడతారు.

ఆ తర్వాత పాత్రను గాజుపూత ద్రావణంలో ముంచుతారు. అంతే, వేసిన బొమ్మంతా తెల్లటి పొర కింద మాయం! మళ్లీ కనిపించేది బట్టీలోనుంచి బయటికొచ్చాకే. సుమారు 800 డిగ్రీల వేడిలో కాల్చేది ఒక్కసారే. ఆత్రపడి తెరిస్తే పగుళ్లు వస్తాయి. రెండుమూడు రోజులు చల్లారనివ్వాల్సిందే.

పర్షియా నుంచి వచ్చిన ఈ విద్యను 19వ శతాబ్దంలో మహారాజా సవాయ్ రామ్‌సింగ్ జైపూర్‌లో ప్రోత్సహించారు. అయితే కుటుంబాలు కిటుకుల్ని బయటికి చెప్పకుండా దాచుకోవడంతో 1950ల నాటికి దాదాపు కనుమరుగైంది. కమలాదేవి ఛటోపాధ్యాయ, రాజమాత గాయత్రీదేవి చొరవతో దానికి మళ్లీ ప్రాణం పోసినవారు చిత్రకారుడు కృపాల్‌సింగ్ షెకావత్. శాంతినికేతన్‌లో చదువుకున్న ఆయన, తెలుసుకున్నది దాచుకోకుండా ఎందరికో నేర్పారు. 1974లో పద్మశ్రీ అందుకున్నారు. 2008లో కన్నుమూశారు.

జైపూర్ దగ్గరున్న కోట్ జేవర్ గ్రామంలో ఎన్నో చేతులు ఈ పని చేస్తున్నాయి. నగరంలోని కార్ఖానాల్లో పర్యాటకులకూ పళ్లెం మీద పూలు గీసే అవకాశమిస్తున్నారు. ఈసారి జైపూర్ వెళితే పిల్లలతో ఓ పళ్లేనికి రంగులు వేయించండి. 'నల్లగా ఉందేంటమ్మా?' అని అడుగుతారు. జవాబు బట్టీ చెబుతుంది!