సిగ్గు ఖర్చు

మా ల్యాబ్‌లో ఒకమ్మాయి ఉంది. శ్రీకాకుళం దగ్గర పల్లె. కెమిస్ట్రీ చదివి, పాశమైలారంలో ఉద్యోగం దొరికిందని వచ్చి, ఇస్నాపూర్‌లో హాస్టల్లో ఉంటోంది. వచ్చి ఏడాది దాటింది. ఒక రోజు క్యాంటీన్‌లో చాయ్ తాగుతుంటే గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, చార్మినార్‌కి ఎంతవుద్ది?"

"ఎంతవుతది అంటే?"

"వెళ్ళి రావడానికి. అన్నీ కలిపి. నా దగ్గర ఐదొందలున్నాయి."

జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపేస్తుందని తెలుసు. తెలియనిది ఇంకోటుంది. వాళ్ళ ఊళ్ళో అందరూ ఈ పిల్ల హైదరాబాద్‌లో ఉంటోందనే అనుకుంటున్నారు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు "చార్మినార్ చూసావేటి" అని ఎవరో అడిగితే, చూశానని చెప్పేసిందట. నెట్‌లో దొరికిన ఫొటో ఒకటి చూపించిందట కూడా.

"మళ్ళీ సంక్రాంతి వచ్చేస్తంది అక్కా. ఈలోగా అది నిజం చేసెయ్యాలి."

నవ్వాను. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో ఇంటికి పోతుంటే మాత్రం నవ్వు రాలేదు.

నేను పుట్టింది పటాన్‌చెరులోనే. మమ్మల్ని దూరపు చుట్టాలు హైదరాబాద్ వాళ్ళంటారు. హైదరాబాద్ వాళ్ళేమో "ఓ, ఆ కంపెనీల దగ్గరా" అంటారు. సంగారెడ్డి పక్కనున్న మంజీర బరాజ్ నీళ్ళు ఏళ్ళ తరబడి నగరానికి పోయాయి. మందుల కంపెనీల మురికి మాత్రం మా నక్కవాగులో కలిసింది. ఆ గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంత ఇచ్చిపుచ్చుకోవడాలున్నా, అమీర్‌పేట దాటేసరికి మా వాళ్ళు ఆ నగరానికి ఏదో బాకీ పడ్డట్టు ఒదిగి కూర్చుంటారు.

మా నాయిన కూడా అంతే. 1998 ఎండాకాలంలో మమ్మల్ని చార్మినార్ చూపిస్తానని తీసుకెళ్ళాడు. అమ్మ, నేను, తమ్ముడు. బస్సు కోఠిలో దింపింది. చార్మినార్‌కి ఏ బస్సు పోతుందో నాయినకి తెలీదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన్ని అడిగాడు. ఆయన నాయిన్ని కిందినుంచి పైదాకా చూసి, ఏం మాట్లాడకుండా తన బస్సెక్కి పోయాడు. మా ముందు అలా జరిగేసరికి నాయిన మొహం ఎట్లనో అయింది. ఇంకెవర్నీ అడగలేదు. ఆటో పిలిచాడు. ఎంతని కూడా అడగలేదు.

ముందు సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర దిగాం. గేటు మూసి ఉంది. నాయిన కంపెనీలో వీక్లీ ఆఫ్ శుక్రవారం. మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. మక్కా మసీదు దగ్గర జుమా నమాజు రద్దీ, లోపలికి పోలేకపోయాం. చార్మినార్ కింద నిలబడి పైకి చూసి, తలా ఒక నిమ్మకాయ సోడా తాగి, తిరిగొచ్చేశాం. తమ్ముడు బస్సులో పడుకున్నాడు. నాయిన మళ్ళీ ఎప్పుడూ సిటీ మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు.

పెద్దయ్యాక చదువుకోసం, తర్వాత ఊరికే తిరగడానికి, హైదరాబాద్ ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. అప్పుడు తెలిసింది నాకు. ఈ నగరంలో బస్సు ఖరీదు కాదు, తిండి ఖరీదు కాదు. ఖరీదైంది సిగ్గు. అడగడానికి సిగ్గుపడి ఆటో ఎక్కుతాం. ఊరికే కూర్చుంటే ఎవరేమనుకుంటారో అని ఏదో ఒకటి కొంటాం. ధర తెలిశాక లేచిపోవడానికి మొహమాటపడి తినేస్తాం. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే సగం సిగ్గు ఖర్చే.

అందుకని ఆ పిల్లకి ఒకటే షరతు పెట్టాను. "నీ ఐదొందలు చాలు. కానీ అడగాల్సినవన్నీ నువ్వే అడగాలె. నేను పక్కన నిలబడతా, అంతే."

ఆదివారం పొద్దున ఏడింటికి పటాన్‌చెరులో కలుసుకున్నాం. హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెడతారు, అది పోతోందని బాధపడుతూ వచ్చింది. మా దగ్గర్నుంచి పోవడానికి దార్లు మూడు. సికింద్రాబాద్‌కి 219, కోఠికి 218. లేదా మియాపూర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి మెట్రో. లేదా లింగంపల్లి పోయి ఎంఎంటీఎస్ రైలు. 2003లో మొదలైన ఈ రైలంత చవకైన ప్రయాణం ఇప్పటికీ ఇంకోటి లేదు, కానీ ఆదివారాలు బండ్లు తక్కువ, దాన్ని నమ్ముకుంటే స్టేషన్‌లోనే పొద్దుపోతుంది. మెట్రో తొందరగా తీసుకెళ్తుంది, 2025 మేలో ఛార్జీలు పెరిగాయి. చేతిలో డబ్బు తక్కువ, టైము ఎక్కువ ఉన్నవాళ్ళకి పొద్దున్నే 218. కిటికీ పక్కన సీటు దొరికితే అదే సగం యాత్ర. ఇక్రిశాట్ పొలాల కంచె, బీహెచ్‌ఈఎల్, మియాపూర్, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అన్నీ వరసగా చూసుకుంటూ పోవచ్చు. నాలుగైదు బస్సులు మారే రోజైతే కండక్టర్‌ని టీ-24 టికెట్ అడగండి, ఇరవై నాలుగ్గంటలు సిటీ బస్సుల్లో ఎక్కి దిగొచ్చు.

కండక్టరమ్మ వచ్చింది. నేను ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. ఈ పిల్లా ఆధార్ తీసింది. అందులో శ్రీకాకుళం జిల్లా.

"నీకు రాదమ్మా, టికెట్ తీస్కోవాలె."

చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, కిటికీలోంచి కాసేపు చూసి, అంది: "మాకాడ ఆగస్టు పదిహేన్నించి నాకు ఫ్రీ అక్కా. అక్కడికొస్తే నువ్వే టికెట్టు కొనాలి." తనే పకపకా నవ్వింది. పని ఇక్కడ, చిరునామా అక్కడ. మా బెల్టులో సగం మంది బతుకు ఇదే. ఒడిశా పిల్లలకి, బీహార్ పిల్లలకి ఆ రెండోది కూడా లేదు.

ఆబిడ్స్‌లో దిగాం. మిగతా రోజుల్లో ఇక్కడ షాపులు. ఆదివారం షాపులు మూసుంటాయి గనక వాటి ముందరి ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలే. పదింటికల్లా పరిచేస్తారు. ఇక్కడ గంటసేపు నిలబడి చదివినా ఎవరూ ఏమీ అనరు. కొనేటప్పుడు మాత్రం మొహంలో ఇష్టం కనబడనివ్వకూడదు. ఆ పిల్ల ఒక పాత తెలుగు నవల చేతిలోకి తీసుకుంది. వందన్నాడు. నావైపు చూసింది. నేను రోడ్డువైపు చూశాను. "యాభైకిస్తారా?" అంది, వినబడీ వినబడకుండా. "తీస్కో అమ్మా," అన్నాడాయన. ఇంత సులువా అన్నట్టు నిలబడిపోయింది.

అక్కణ్ణుంచి నడకే. కోఠి వైపు పోతే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంటుంది, 1901లో పెట్టింది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1891 నాటి అసఫియా లైబ్రరీ, ఇప్పటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, అక్కడ ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా కనిపిస్తారు. ఆ రోజు మేం లోపలికి పోలేదు గానీ మీరు గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్ కింద, ఎవరూ ఏం కావాలని అడక్కుండా, ఎంతసేపైనా కూర్చోనిచ్చే చోట్లు నగరంలో చాలా తక్కువ. డిగ్రీ రోజుల్లో నా ఎండాకాలాలన్నీ అట్లాంటి చోట్లనే గడిచాయి. సాయంత్రాలు దొరికితే బంజారాహిల్స్‌లో లామకాన్. 2010 నుంచీ నాటకమో పాటో సినిమానో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. అందులోకి మొదటిసారి అడుగుపెట్టడానికి నేను గేటు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. ఆ మూడుసార్లలో ఎవరూ నన్ను ఆపలేదు. ఆపుతారని నేనే అనుకున్నాను.

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు చూపించాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. చెట్టుని తాకి చూసింది. "దీనికి టికెట్ లేదా అక్కా?" అంది.

నయాపూల్ దాటి సాలార్‌జంగ్. తెరిచే ఉంది. ఇక్కడ టికెట్ తీసుకోవాల్సిందే, దానికి తగ్గట్టు వాడుకోండి. తొందరపడి అన్ని గదులూ చుట్టేయకండి. ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ ముందు నిలబడండి, ముసుగు కూడా రాయే అన్న సంగతి నెమ్మదిగా తెలుస్తుంది. గంట కొట్టే వేళకి గడియారం దగ్గరికి చేరండి. చిన్న బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టిపోతుంది. దానికోసం జనమంతా ఒకచోట కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఆ పది నిమిషాలు మా పక్కన ఒక పెద్ద కారు కుటుంబం, ఇటు పక్క ఊరినుంచి ట్రాక్టర్‌లో వచ్చినవాళ్ళలా ఉన్న ముసలమ్మలు. అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. ఇంకో మాట, ఆడవాళ్ళకి. టాయిలెట్‌కి భయపడి పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా తిరగకండి. మ్యూజియంలో ఉంది, మెట్రో స్టేషన్లలో ఉంది, మాల్స్‌లో ఉంది. మాల్‌లో ఏం కొన్నారని ఎవరూ అడగరు.

భోజనానికి పత్తర్‌గట్టి దగ్గర ఒక హోటల్. ఒక సింగిల్ బిర్యానీ చెప్పి రెండు ప్లేట్లు అడగాలి. ఇద్దరికి సరిపోతుంది. ఈసారి పిల్లకి గొంతు పెగల్లేదు. వెయిటర్ వచ్చి నిలబడ్డాడు. నేను మెనూ చదువుతున్నట్టు నటిస్తున్నాను. చివరికి రెండు వేళ్ళు చూపించింది. ఆయన "దో ప్లేట్? ఠీక్ హై," అని పోయాడు. అడక్కుండానే ఇంకొంచెం సలాన్ కూడా తెచ్చిపెట్టాడు. బిర్యానీకి కూడా చేతిలో లేని రోజుంటే, నగరంలో చాలాచోట్ల ఐదు రూపాయల భోజనం ఉంది. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. ఆ లైన్‌లో నిలబడటానికి నేను రెండేళ్ళు సిగ్గుపడ్డాను. నిలబడ్డాక చూస్తే, నా ముందూ వెనకా ఉన్నవాళ్ళంతా నాలాగే పుస్తకాల సంచీలవాళ్ళు.

చార్మినార్‌కి పాతిక రూపాయల టికెట్. మెట్లు ఇరుకు, ఎత్తు. పైనుంచి ఫొటో తీయమంది. తీశాను. చూసుకుంది, బాగాలేదంది, మళ్ళీ తీయించుకుంది. "ఇది నెట్‌లోది కాదు," అంది తనలో తనే. లాడ్ బజార్‌లో వాళ్ళమ్మకి గాజులు కొంది, చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టి. అప్పటికి నా వైపు చూడటం మానేసింది.

మక్కా మసీదు ఆవరణలో, కొలను పక్కన రాతి బల్లలుంటాయి. వాటిమీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ హైదరాబాద్‌కి తిరిగొస్తారని ఒక నమ్మకం. 1694లో పూర్తయిన మసీదు, ఎన్ని వేలమంది కూర్చుంటే ఆ రాయి అంత నున్నగా అయిందో. చున్నీ తలమీదికి లాక్కుని ఇద్దరం కూర్చున్నాం. పావురాలు లేచాయి, మళ్ళీ వాలాయి. ఈ సంగతి తెలిస్తే మా నాయిన్ని కూడా ఎట్లాగైనా కూర్చోబెట్టేదాన్ని అనిపించింది.

తిరుగు బస్సులో ఫోన్‌లో లెక్క రాసుకుంది. బస్సులు, మ్యూజియం, చార్మినార్, సగం బిర్యానీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, పుస్తకం, గాజులు. నాలుగొందల యాభై అయిదు. "నలభై అయిదు మిగిలిందక్కా," అంది. పటాన్‌చెరులో దిగేముందు అంది: "వచ్చే ఆదివారం మా రూమ్ పిల్లల్ని నేను తీసుకెళ్తాను. నువ్వు రానక్కర్లేదులే."

ఇంటికి వచ్చేసరికి నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. రిటైరై నాలుగేళ్ళు. ఎక్కడికి పోయావంటే చెప్పాను.

"ఎంతైంది?"

చెప్పాను. నాకు బస్సు ఫ్రీ కాబట్టి ఇంకా తక్కువే అని కూడా చెప్పాను.

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ దినం ఆటోవాడు అరవై తీస్కున్నడు. కోఠి కాడికెళ్ళి అరవై."

ఇరవై ఏడేళ్ళు. మేము మర్చిపోయాం అనుకున్న రోజు. ఆ రోజుల్లో అరవై అంటే మా ఇంట్లో వారం కూరగాయలు. నేను ఆటో సంగతి ఎత్తలేదు, ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

"వచ్చేవారం పోదామా నాయినా? మ్యూజియంల గడియారం చూద్దువుగాని."

చెప్పులు కాళ్ళతో అటూ ఇటూ జరుపుకుంటూ అడిగాడు.

"శుక్రారం గాదు గదా?"