సంచులు వదిలి బయటపడ్డ 379 మంది

చిక్కబళ్లాపురం జిల్లా వాళ్లకు విమానం ఇప్పుడు దూరపు సంగతి కాదు. 2008లో దేవనహళ్లి దగ్గర బెంగళూరు విమానాశ్రయం తెరిచాక, బాగేపల్లిలో 44వ నంబరు హైవే ఎక్కితే నేరుగా అటే. బాగేపల్లిలోనైనా చింతామణిలోనైనా పిల్లల ప్రయాణం అనగానే పెద్దవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: వాళ్లు ఎక్కే కంపెనీ విమానాలు మంచివేనా?

టికెట్ ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అది.

జవాబుగా ఎక్కువగా వినిపించే పేరు ఆస్ట్రేలియా వాళ్ల క్వాంటాస్. జెట్ విమానాలు వచ్చాక ఆ సంస్థ జెట్ ప్రమాదాల్లో ఒక్క ప్రాణమూ పోలేదు. 2010 నవంబరులో సింగపూర్ నుంచి లేచిన దాని ఏ380 విమానం ఇంజిన్ గాల్లోనే పేలినా, లోపలున్న 469 మందీ క్షేమంగా దిగారు.

అయితే మచ్చలేని చరిత్ర కన్నా, దెబ్బ తిని నేర్చుకున్న చరిత్రే గట్టిది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం 1985లో కూలి 520 మంది పోయారు. ఆ శకలాలను సంస్థ దాచిపెట్టలేదు. 2006లో ప్రత్యేకంగా ఒక కేంద్రం తెరిచి, సిబ్బంది కళ్లెదుట ఉంచింది. 2024 జనవరి 2న టోక్యో హనెడా రన్‌వే మీద అదే సంస్థ విమానం కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని అంటుకుంది. మైకులు పనిచేయలేదు. సిబ్బంది మెగాఫోన్లు పట్టుకుని, గొంతు చించుకుని అరిచారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. బ్యాగులు తీయనివ్వలేదు. 379 మందీ బయటపడ్డారు. కోస్ట్‌గార్డ్ విమానంలో మాత్రం ఐదుగురు చనిపోయారు.

అందుకే మొదటిసారి విమానమెక్కే అమ్మానాన్నలకు ఇంట్లోనే, తెలుగులోనే చెప్పి పంపాలి: కూర్చోగానే తలుపు ఎన్ని వరుసల అవతల ఉందో లెక్కపెట్టుకోండి, దిగమని అరిస్తే సంచి ముట్టుకోకండి.